ఎస్ప్రెస్సో యంత్రం ఎందుకు మొరాయిస్తుంది?

పెళ్ళిళ్ళలోనూ, ఎగ్జిబిషన్లలోనూ మీరు చూసే ఉంటారు. బల్ల మీద మెరిసే స్టీలు యంత్రం ఒకటి ఉంటుంది. దాని పక్కనుంచి సన్నటి గొట్టం వేలాడుతుంటుంది. పాలూ, చక్కెరా, కాఫీపొడీ కలిపిన పాత్రను ఆ గొట్టం కింద పెట్టి మర తిప్పగానే బుస్సుమని ఆవిరి వస్తుంది. క్షణంలో కప్పు నిండా నురుగు! దాన్నే మనం ఎస్ప్రెస్సో కాఫీ అంటున్నాం.

నిజానికి అక్కడ జరుగుతున్నది ఆవిరితో పాలు కాచి నురుగెత్తించడం మాత్రమే. ఈ మాట పుట్టిన ఇటలీ దేశంలో దాని అర్థం వేరు. మెత్తగా మరపట్టిన కాఫీపొడి గుండా వేడినీటిని ఎక్కువ పీడనంతో నెట్టి, అర నిమిషంలో చిక్కటి డికాషన్ తీయడమే ఎస్ప్రెస్సో. ఒకప్పుడు హోటళ్ళకే పరిమితమైన ఆ యంత్రం ఇప్పుడు చిన్నదై ఇళ్ళలోకి కూడా వచ్చింది.

కొత్తలో అది బాగానే పనిచేస్తుంది. కొన్నాళ్ళు గడిచేసరికి మొరాయించడం మొదలుపెడుతుంది. నీళ్ళు చుక్క చుక్కగా వస్తాయి. కాఫీ చేదెక్కుతుంది. పిడి చుట్టూ కారుతుంది. అప్పుడు కొందరు యంత్రం చెడిపోయిందని మూలన పడేస్తారు. మరికొందరు చేతికందిన సబ్బో, వెనిగరో లోపల పోస్తారు. రెండూ తొందరపాటే. ఎందుకంటే ఈ యంత్రాన్ని పట్టి పీడించే మురికి ఒక రకం కాదు, మూడు రకాలు. ఒకటి నీటి నుంచి వస్తుంది, ఒకటి కాఫీ నుంచి, మరొకటి పాల నుంచి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకొకదానికి పనికిరాదు. మురికి ఏదో తెలిస్తే మందు దానంతట అదే తెలుస్తుంది. ఆ తెలుసుకోవడానికి మీ తరగతిలో చదివే భౌతిక, రసాయన శాస్త్రాలే చాలు.

వేడి వేరు, పీడనం వేరు

ముందు ఈ యంత్రం ఎలా పుట్టిందో క్లుప్తంగా చూద్దాం. 1884లో ట్యూరిన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఆంజెలో మోరియొండో అనే ఆయన తన ఆవిరి కాఫీ యంత్రాన్ని చూపించాడు. 1901లో మిలాన్ నగరానికి చెందిన లుయీజి బెజ్జెరా, ఒక్కొక్క కప్పునూ విడిగా తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఈ తొలి యంత్రాల్లో నీటిని నెట్టేది ఆవిరే. అక్కడే ఒక చిక్కు వచ్చింది. పీడనం పెంచాలంటే ఆవిరిని ఇంకా వేడి చెయ్యాలి. వేడి ఎక్కువైతే కాఫీ మాడి చేదవుతుంది.

ఈ చిక్కును విప్పిన వారిలో ముఖ్యుడు అకిల్లె గాజియా. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్ళకే ఆయన యంత్రాలు కాఫీ హోటళ్ళకు చేరాయి. వాటిలో నీటిని నెట్టేది ఆవిరి కాదు, మీటతో బిగించిన బలమైన స్ప్రింగు. తర్వాత 1961లో ఫాయెమా అనే కంపెనీ విద్యుత్ పంపు అమర్చిన యంత్రాన్ని తెచ్చింది. దాని పేరు ఇ61. ఆ ఏడాది ఫిబ్రవరి 15న ఇటలీలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. గ్రహణానికి ఇటాలియన్ భాషలో ఉన్న పేరులోని మొదటి అక్షరమూ, ఆ సంవత్సరపు అంకెలూ కలిపి ఆ పేరు పెట్టారు.

ఈ చరిత్రలో మీరు గుర్తుంచుకోవలసినది ఒక్కటే: వేడి చెయ్యడం ఒకరి పని, నెట్టడం మరొకరి పని అయినప్పుడే ఎస్ప్రెస్సో కుదిరింది. ఈనాటి ఇంటి యంత్రంలో కూడా అంతే. బాయిలరు నీటిని 90 నుంచి 96 సెంటీగ్రేడు డిగ్రీల దాకా వేడి చేస్తుంది. పంపు దాన్ని సుమారు 9 అట్మాస్ఫియర్ల పీడనంతో నెడుతుంది. ఒక కప్పుకు 7 నుంచి 9 గ్రాముల పొడి పడుతుంది. 25, 30 సెకన్లలో దాదాపు అన్నే మిల్లీలీటర్ల కాఫీ దిగుతుంది.

9 అట్మాస్ఫియర్లంటే ఎంత? లెక్క చూడండి. పొడి గిన్నె వ్యాసం చాలా యంత్రాల్లో 58 మిల్లీమీటర్లు. దాని వైశాల్యం సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 9 కిలోగ్రాములకు పైగా బరువు మోపినట్లు. మొత్తం 230 కిలోగ్రాములు దాటుతుంది! నలుగురు పెద్దమనుషులు ఆ చిన్న గిన్నె మీద ఎక్కి నిలబడినంత అన్నమాట. కాఫీ దిగుతుండగా పిడిని ఎందుకు కదపకూడదో ఈ లెక్కే చెబుతుంది.

నీటి ప్రయాణం

యంత్రం వెనక ఉన్న తొట్టిలోంచి నీరు బయలుదేరుతుంది. మొదట పంపు లోకి వెళుతుంది. ఇంటి యంత్రాల్లో ఎక్కువగా ఉండేది కంపించే పంపు. ఒక తీగచుట్ట, దాని మధ్య ఇనుప ముషలకం, వెనక్కు లాగే స్ప్రింగు, ఇంతే దాని సామగ్రి. చుట్టలో విద్యుత్తు పారినప్పుడు అయస్కాంత బలం ముషలకాన్ని ఒక వైపు లాగుతుంది. విద్యుత్తు ఆగగానే స్ప్రింగు దాన్ని రెండో వైపు నెడుతుంది. మన ఇళ్ళలో వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 సార్లు దిశ మార్చి మళ్ళీ మొదటికి వస్తుంది. అందులో సగాన్ని ఒక డయోడు ఆపేస్తుంది. కాబట్టి ముషలకం సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. కాఫీ తీసేటప్పుడు వినిపించే గర్రుమనే చప్పుడు అదే.

ఈ పంపును చల్లబరిచేది దాని లోంచి పోయే నీరే. తొట్టి ఖాళీగా ఉండగా పంపు నడిపితే అది వేడెక్కి కాలిపోవచ్చు. యంత్రానికి వచ్చే జబ్బుల్లో తేలిగ్గా తప్పించుకోగలిగినది ఇదే. తొట్టిలో నీళ్ళు చూసి గాని స్విచ్చి వెయ్యకూడదు.

పంపు నుంచి నీరు బాయిలరు చేరుతుంది. కొన్ని యంత్రాల్లో బాయిలరు బదులు లోహపు దిమ్మలో మెలికలు తిరిగిన సన్నటి దారి ఉంటుంది. అక్కడ వేడెక్కిన నీరు చిన్న చిన్న రంధ్రాలున్న ఒక బిళ్ళ గుండా జల్లుగా పొడి మీద పడుతుంది. దీన్ని జల్లు బిళ్ళ అందాం. బిళ్ళ చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. మీ ఇంటి ప్రెషర్ కుక్కరు మూతకున్న గ్యాస్కెట్టు చేసే పనే ఇదీ చేస్తుంది. పొడి గిన్నె ఉన్న పిడిని తిప్పి బిగించినప్పుడు గిన్నె అంచు ఈ రబ్బరుకు గట్టిగా అదుముకుంటుంది.

ఈ దారినంతా మనసులో ఉంచుకోండి. తొట్టి నుంచి బాయిలరు దాకా ఉన్నది నీటి రాజ్యం. జల్లు బిళ్ళ నుంచి కప్పు దాకా ఉన్నది కాఫీ రాజ్యం. ఆవిరి గొట్టం చివర ఉన్నది పాల రాజ్యం. ఏ రాజ్యంలో ఆ మురికి!

మొదటి మురికి: నీటి పొలుసు

బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెంకు కట్టడం మీరెరుగుదురు. గీజరు లోని తీగచుట్ట మీద అది మరీ మందంగా ఉంటుంది. దీన్ని పొలుసు అంటారు.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? వాననీరు గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది. అది సున్నపురాయి పొరల మీదుగా ఇంకినప్పుడు ఆ రాయిని కొంచెం కొంచెం కరిగిస్తుంది. పలనాడు, తాండూరు, కర్నూలు ప్రాంతాల్లో సున్నపురాయి నేలలు ఎంత విస్తారమో అక్కడ వెలిసిన సిమెంటు ఫ్యాక్టరీలే చెబుతాయి. కరిగిన సున్నపురాయి నీటిలో కాల్షియం బైకార్బొనేట్‌గా ఉంటుంది. ఇదే మీరు చదువుకున్న తాత్కాలిక కాఠిన్యం. నీటిని వేడి చేస్తే చర్య వెనక్కు తిరుగుతుంది:

కాల్షియం బైకార్బొనేట్ → కాల్షియం కార్బొనేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

కాల్షియం కార్బొనేట్ నీటిలో దాదాపు కరగదు. పైగా చక్కెర లాంటి వాటికి భిన్నంగా, నీరు వేడెక్కే కొద్దీ దాని కరిగే గుణం తగ్గుతుంది. అందుకే అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటనే, అంటే బాయిలరు గోడకే అది అంటుకుంటుంది. అరకు దారిలోని బొర్రా గుహల్లో వేలాడే రాతి స్తంభాలు చూశారా? అవీ ఈ చర్య వల్ల ఏర్పడినవే. అక్కడ మంట లేదు గనుక కార్బన్ డయాక్సైడ్ చాలా నెమ్మదిగా గాలిలో కలిసింది, వేల ఏళ్ళు పట్టింది. కాఫీ యంత్రంలో నెలలు చాలు.

ఎంత పొలుసు చేరుతుందో లెక్కవేద్దాం. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. 200 ఉన్న నీటినే తీసుకుందాం. రోజుకు అర లీటరు వాడితే అందులో 0.1 గ్రాము, ఏడాదికి 36 గ్రాములకు పైగా. ఇందులో చాలా భాగం కాఫీతో పాటు కప్పులోకే పోతుంది. పదో వంతు లోపల మిగిలినా మూడున్నర గ్రాములు. సన్నటి గొట్టాలను పూడ్చడానికి అది తక్కువేమీ కాదు.

పూడ్చడం ఒక్కటే కాదు. పొలుసు మంచి ఉష్ణవాహకం కాదు. అల్యూమినియంతో పోలిస్తే అది వేడిని సుమారు వందో వంతు మాత్రమే పోనిస్తుంది. హీటరు వేడి నీటికి అందక లోహంలోనే నిలిచిపోతుంది. హీటరు అతిగా వేడెక్కుతుంది, నీరు మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. చివరకు లోపలున్న ఉష్ణ ఫ్యూజు తెగి యంత్రం ఆగిపోతుంది.

దీనికి మందు ఆమ్లం. కార్బొనేట్ మీద ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోయి, మిగిలినది కరుగుతుంది. ఇంట్లో సులభంగా దొరికేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. లీటరు నీటికి 20 గ్రాములు చాలు. సమీకరణం ప్రకారం లెక్కిస్తే ఈ 20 గ్రాములు 14, 15 గ్రాముల పొలుసును తినగలవు. కొన్ని కంపెనీలు అమ్మే ద్రావణాల్లో పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. అలాగని యంత్రంలో మజ్జిగ పొయ్యకండి! కొవ్వూ, ప్రోటీనూ చేరి కొత్త జబ్బు తెస్తాయి.

చేసే పద్ధతి ఇది. ముందు యంత్రంతో వచ్చిన పుస్తకం చదవండి. మీ బాయిలరు ఏ లోహంతో చేసినదో, ఏ ఆమ్లం వాడవచ్చో అందులో ఉంటుంది. నిమ్మ ఉప్పును పూర్తిగా కరిగించి తొట్టిలో పొయ్యండి. పెద్దవారి సాయంతో, యంత్రం ఇంకా వేడెక్కక ముందే పంపు నడిపి, ఒక కప్పు జల్లు బిళ్ళ గుండా, ఒక కప్పు ఆవిరి గొట్టం గుండా పోనివ్వండి. స్విచ్చి ఆపి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. మళ్ళీ నడపండి. ద్రావణం అయిపోయేదాకా ఇలా చేసి, ఆ తర్వాత రెండు తొట్ల మంచినీళ్ళతో కడగండి.

వేడెక్కక ముందే ఎందుకు? సిట్రిక్ ఆమ్లం, కాల్షియం కలిస్తే కాల్షియం సిట్రేట్ ఏర్పడుతుంది. అది కూడా వేడినీటిలో తక్కువగా కరిగే పదార్థమే. ద్రావణం చిక్కగా, వేడిగా ఉంటే ఒక పొలుసు పోయి ఇంకొక పొలుసు పేరుకుంటుంది. మందు ఎక్కువ పోస్తే రోగం త్వరగా పోతుందనుకోవడం ఇక్కడ చెల్లదు.

రెండో మురికి: కాఫీ నూనె

కాఫీగింజను చేత్తో నలిపితే వేళ్ళకు జిడ్డు తగులుతుంది. అరబికా రకం గింజల బరువులో సుమారు 15 శాతం కొవ్వు పదార్థాలే. మన అరకు లోయలో పండే కాఫీ ఈ రకమే. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మన ఇత్తడి ఫిల్టరులో నీరు తన బరువుతో నెమ్మదిగా దిగుతుంది గనుక ఈ నూనెలో ఎక్కువ భాగం పిప్పిలోనే ఉండిపోతుంది. ఎస్ప్రెస్సోలో 9 అట్మాస్ఫియర్ల పీడనం ఆ నూనెను సూక్ష్మ బిందువులుగా చితక్కొట్టి నీటిలో కలిపేస్తుంది. ఆ కాఫీకి చిక్కదనం రావడానికి అదొక కారణం.

కాని దారిలో కొంత నూనె జల్లు బిళ్ళకూ, పిడి లోపలికీ అంటుకుంటుంది. వేడిలో గాలి తగిలి ఆక్సీకరణం చెందుతుంది. పాత జంతికలు ముక్కిపోయిన వాసన వేస్తాయే, అదే చర్య. నిన్నటి నూనె మీదుగా వచ్చిన నేటి కాఫీకి ఆ వాసన తప్పదు. పొడి పాతదనుకుని కొత్త పొడి కొంటారు. గుణం ఉండదు. తప్పు పొడిది కాదు, యంత్రానిది.

దీని మీద నిమ్మ ఉప్పు పనిచెయ్యదు. కొవ్వుకు విరుగుడు క్షారం. కొవ్వూ క్షారమూ కలిస్తే సబ్బూ గ్లిజరినూ ఏర్పడతాయని మీకు తెలుసు. సబ్బు నీటిలో కలిసిపోతూ మిగిలిన జిడ్డును కూడా వెంట తీసుకుపోతుంది. ఈ పనికోసం అమ్మే పొడుల్లో చాలావాటిలో చాకలి సోడా గాని, దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ చేర్చి తయారుచేసిన సోడియం పెర్‌కార్బొనేట్ గాని ఉంటుంది.

రోజూ చెయ్యవలసింది చాలా తేలిక. కాఫీ తీసిన వెంటనే పిప్పి పారబోసి, పిడి లేకుండా రెండు మూడు సెకన్లు నీళ్ళు వదలాలి. బిళ్ళను తడిబట్టతో తుడవాలి. వారానికోసారి, యంత్రం పూర్తిగా చల్లారాక, మధ్యలోని మర విప్పి బిళ్ళను ఊడదీసి, ఆ పొడి కలిపిన వేడినీటిలో గిన్నెతో పాటు పావుగంట నానబెట్టి కడగాలి. బిళ్ళ వెనక గోధుమరంగు బంకను చూస్తే ఇంతకాలం ఏమి తాగామో తెలుస్తుంది!

కొన్ని యంత్రాల్లో, కాఫీ దిగడం ఆగగానే మిగిలిన పీడనాన్ని పక్క గొట్టం గుండా వదిలిపెట్టే కవాటం ఉంటుంది. వాటిలో రంధ్రాలు లేని గిన్నెను బిగించి, అర చెంచా పొడి వేసి, పంపును పది సెకన్లు నడిపి ఆపితే ఆ సబ్బునీరు వెనక్కు తిరిగి కవాటాన్ని కడుగుతుంది. ఈ కవాటం లేని యంత్రంలో మాత్రం ఈ పని చెయ్యకూడదు. నీటికి పోయే దారి లేక పీడనం లోపలే ఉండిపోతుంది. పిడి తిప్పగానే మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి.

ఇక్కడ అల్యూమినియం గురించి ఒక మాట. దాన్ని కాపాడేది దాని మీదున్న పలుచని ఆక్సైడ్ పొర. ఆ ఆక్సైడ్ ద్విస్వభావం కలది. ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. అందుకే అల్యూమినియం పిడిని గాని గిన్నెను గాని సోడాలో నానబెడితే నల్లబడుతుంది. వాటికి వేడినీళ్ళూ, మామూలు గిన్నెల సబ్బూ చాలు. 1933లో ఇటలీలో రూపొందిన, పొయ్యి మీద పెట్టే మోకా కాఫీ పాత్ర కూడా అల్యూమినియందే. దానికీ ఇదే నియమం.

మూడో మురికి: పాలు

ఆవిరి గొట్టాన్ని పాలలో ముంచి నురుగెత్తించాక, మర కట్టేసి అలాగే వదిలేస్తే ఏమవుతుంది? గొట్టంలో మిగిలిన ఆవిరి చల్లారి నీరవుతుంది. మామూలు పీడనం దగ్గర ఆవిరి ఆక్రమించే చోటు అది నీరుగా ఉన్నప్పటికంటే దాదాపు 1,700 రెట్లు ఎక్కువ. అంత ఆవిరి ఒక్క చుక్కగా ముడుచుకుంటే వెనక దాదాపు శూన్యం మిగులుతుంది. బయటి వాతావరణ పీడనం పాలను గొట్టంలోకి నెడుతుంది. మందుసీసాకున్న రబ్బరు డ్రాపరు ద్రవాన్ని పీల్చుకున్నట్లే ఇదీను.

లోపలికి వెళ్ళిన పాలలోని ప్రోటీన్లు వేడికి గడ్డకట్టి గోడకు అంటుకుంటాయి. రంధ్రం మూసుకుపోతుంది. అంతకంటే ముఖ్యం, తడి పాలు సూక్ష్మజీవులకు విందు. కనుక పాల మురికికి అసలు మందు రసాయనం కాదు, సమయం. గొట్టం పాలలోంచి తీసిన వెంటనే తడిబట్టతో తుడిచి, రెండు సెకన్లు ఆవిరి వదలండి. ఎండిపోయాక అరగంట పడే పని ఎండక ముందు అర నిమిషంలో అయిపోతుంది. అప్పటికే ఎండిపోయి ఉంటే, ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, గొట్టం కొనను వేడినీళ్ళలో నానబెట్టి, గుండుసూదితో రంధ్రం శుభ్రం చెయ్యండి.

జబ్బును ఎలా గుర్తించాలి?

డాక్టరు నాడి చూడకుండా మందు రాయడు. మీరు కూడా ముందు గమనించండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడండి. రెండు మూడు పనులు కలిపి చేస్తే దేనివల్ల గుణం వచ్చిందో తెలియదు. ప్రయోగశాలలో పాటించే నియమం వంటింట్లో కూడా వర్తిస్తుంది.

పంపు మోగుతున్నా నీరు రాకపోతే: తొట్టి సరిగా కూర్చుందా, అందులో నీళ్ళున్నాయా చూడండి. ఉంటే, పంపులో గాలి చిక్కుకుని ఉండవచ్చు. గాలి ముడుచుకునే పదార్థం కాబట్టి ముషలకం దాన్ని నొక్కుతుందే గాని ముందుకు నెట్టలేదు. ఆవిరి గొట్టం మర విప్పి పంపును కొద్ది సెకన్లు నడిపితే గాలి ఆ దారిన పోతుంది.

కాఫీ చుక్క చుక్కగా వస్తే: పిడి తీసేసి పంపు నడపండి. నీళ్ళు ధారగా వస్తే యంత్రం బాగానే ఉంది, పొడి మరీ మెత్తగా ఉంది. పిడి లేకపోయినా సన్నగానే వస్తే జల్లు బిళ్ళలో జిడ్డో, లోపల పొలుసో అడ్డుపడింది. బిళ్ళ విప్పి కడిగాక మళ్ళీ చూడండి. అప్పటికీ రాకపోతే పొలుసే.

కాఫీ నీళ్ళలా పది సెకన్లలోనే దిగితే: ఇది రోగం కాదు. పొడి గరుకుగా ఉంది, లేదా గిన్నెలో తక్కువగా ఉంది.

పిడి చుట్టూ కారితే: గిన్నె అంచున పొడి రేణువులున్నాయేమో తుడవండి. అయినా కారితే రబ్బరు రింగును గోటితో నొక్కి చూడండి. మెత్తగా దిగాలి. వేడికి గట్టిపడి చెక్కలా తగిలితే దాని ఆయుష్షు తీరింది. మునుపటి కంటే పిడి ఎక్కువ దూరం తిరగడం కూడా రబ్బరు అరిగిందనడానికి గుర్తే. అదే కొలత గల కొత్త రింగు వేస్తే సరిపోతుంది. ఇంత చిన్న వస్తువు కోసం యంత్రాన్నే పారేసేవారున్నారు.

నీరు వేడెక్కకపోతే: ముందు పొలుసు తీయండి. అప్పటికీ మారకపోతే ఉష్ణోగ్రతను అదుపుచేసే థర్మోస్టాట్ చెడి ఉండవచ్చు. అది మెకానిక్ పని.

మీరు చెయ్యకూడని పనులు

ప్లగ్గు గోడలో ఉండగా యంత్రం ఏ భాగాన్నీ విప్పకండి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. యంత్రం మీద బిగించిన పెద్ద మూతనూ, లోపలి తీగలనూ మీరు ముట్టుకోవద్దు. నీరూ విద్యుత్తూ పక్కపక్కనే ఉండే యంత్రం ఇది. మూడు పిన్నుల ప్లగ్గులో భూమికి కలిపే పెద్ద పిన్నును ఎవరూ తీసేయకుండా చూడండి.

వేడిగా ఉన్న బాయిలరును ఎన్నడూ విప్పకూడదు. ఆవిరి తీసేటప్పుడు లోపలి నీరు ప్రెషర్ కుక్కరులో మాదిరిగా 120 డిగ్రీల దాకా పోగలదు. పీడనం ఉన్నంతసేపూ అది నీరుగానే ఉంటుంది. దారి తెరవగానే ప్రతి 100 గ్రాముల్లో దాదాపు 4 గ్రాములు ఒక్కసారిగా ఆవిరైపోతాయి. 4 గ్రాములే కదా అనుకోకండి. అది ఆరు లీటర్లకు పైగా ఆవిరి! 1679లో తన ఆవిరి పాత్రను రూపొందించిన డెనీ పాపిన్ దానికి రక్షక కవాటం కూడా అమర్చాడు. ఆయన ఎందుకు భయపడ్డాడో ఈ లెక్క చెబుతుంది. యంత్రంలో అలాంటి కవాటం ఉంటే దాన్ని బిగించడం గాని, మూసెయ్యడం గాని చెయ్యకూడదు.

ఆమ్లాన్నీ బ్లీచింగ్ పౌడరునూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. ఆమ్లాన్నీ సోడానూ ఒకేసారి పోసినా ప్రయోజనం లేదు. ఒకదాన్నొకటి తటస్థపరచుకుంటాయి. మురికి ఎక్కడిదక్కడే ఉంటుంది, రెండు మందులూ వృథా.

చేసి చూడండి

ఇంట్లో ఈ యంత్రం లేకపోయినా ఇప్పటిదాకా చెప్పిన సంగతిని మీరు రెండు గాజు గ్లాసులతో పరీక్షించవచ్చు. ఒకదానిలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు, మరొకదానిలో చాకలి సోడా కలిపిన నీళ్ళు పొయ్యండి. సోడా నీళ్ళు చేతికి, కంటికి తగలకుండా జాగ్రత్త.

మొదటి ప్రయోగం: కోడిగుడ్డు పెంకును కడిగి, ఒక్కొక్క ముక్క రెండింటిలో వెయ్యండి. పెంకులో నూటికి 90 పాళ్ళకు పైగా కాల్షియం కార్బొనేటే. ఏ గ్లాసులో బుడగలు వచ్చాయి? ఆ బుడగలు ఏ వాయువు? సున్నపు తేటతో ఎలా నిరూపిస్తారు?

రెండవ ప్రయోగం: రెండు చిన్న సీసాలు తీసుకుని, ఒకదానిలో నిమ్మ ఉప్పు నీళ్ళు, రెండోదానిలో సోడా నీళ్ళు సగం వరకు నింపండి. గారెలో, బజ్జీలో వేయించగా మిగిలిన నూనె ఒక్కొక్క చెంచా వెయ్యండి. మూతలు బిగించి బాగా కుదిపి పక్కన పెట్టండి. ఏ సీసాలో నూనె త్వరగా పైకి తేలింది? ఏ సీసా పాలలా తెల్లగా ఉండిపోయింది? ఎందుకు?

ఈ రెండు ఫలితాలనూ ఒక పట్టికగా రాసుకుంటే, ఏ మురికికి ఏ మందో ఇక ఎవరినీ అడగనక్కరలేదు. ఆ తర్వాత మీ ఇంటి గీజరునూ, కుక్కరునూ, నీళ్ళు కాచే కెటిలునూ ఒకసారి పరిశీలించండి. వాటిలో ఏ మురికి ఉంది? అది నీటిదా, నూనెదా, పాలదా? యంత్రం మొరాయించినప్పుడు దాన్ని తిట్టేవాడికి పని జరగదు. అది ఏమి చెబుతోందో వినేవాడికే జరుగుతుంది.